పెద్ద అకాడమీ వదిలేసింది, లీగ్ టూ క్లబ్ పిలిచింది: మిడ్‌ఫీల్డర్ అబ్బాయిని పంపొచ్చా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో స్లౌలో ఉంటాం. మా అబ్బాయి సెంట్రల్ మిడ్‌ఫీల్డర్. జూలైలో 16 నిండుతాయి. తొమ్మిదేళ్ల నుంచి ఒక పెద్ద క్లబ్ అకాడమీలో ఉన్నాడు, ఈ మధ్యే వదిలేశారు. ఇప్పుడు లీగ్ టూ క్లబ్ ఒకటి రెండేళ్ల స్కాలర్‌షిప్ (ఆటతో పాటు కొంత చదువూ ఉండే శిక్షణ) ఇస్తానంటోంది. వాడు ఒప్పుకోమంటున్నాడు, మా ఆవిడ ఏ-లెవల్స్ (మన ఇంటర్ లాంటిది) చదవాల్సిందే అంటోంది. అంత కింది స్థాయిలో మొదలుపెట్టిన మిడ్‌ఫీల్డర్ నిజంగా పైకి వస్తాడా? తెలిసినవాళ్లు చెప్పండి.

సమాధానం:

వస్తాడా అంటే, వచ్చినవాళ్లు ఉన్నారు. రానివాళ్లు అంతకంటే చాలా ఎక్కువమంది. నేను ఇక్కడ చాలా ఏళ్లుగా పిల్లల జట్లకు కోచింగ్ ఇస్తున్నాను. కింది లీగ్‌ల మ్యాచ్‌లకు తరచుగా వెళ్తుంటాను. నాకు అర్థమైనంతవరకు అసలు ప్రశ్న "లీగ్ టూనా, ప్రీమియర్ లీగా" అన్నది కాదు. ఆ క్లబ్‌లో 17, 18 ఏళ్ల కుర్రాడిని పెద్దవాళ్ల మ్యాచ్‌లో దింపే అలవాటు ఉందా లేదా అన్నదే. మిడ్‌ఫీల్డర్ విషయంలో ఇది ఇంకా ముఖ్యం. ఎందుకో కింద చెప్తాను.

ముందు స్థాయి గురించి. ప్రీమియర్ లీగ్‌లో 20 క్లబ్బులు. దాని కింద ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ, ఒక్కోదాంట్లో 24. అంటే లీగ్ టూ నాలుగో అంచె. అక్కడ కూడా ఆడేది జీతం తీసుకునే ప్రొఫెషనల్సే. ఆగస్టు నుంచి మే దాకా లీగ్‌లోనే 46 మ్యాచ్‌లు, ఎఫ్‌ఏ కప్, లీగ్ కప్ లాంటి నాకౌట్ టోర్నీలు వేరే. మన వాళ్లు "నాలుగో డివిజనా" అని పెదవి విరుస్తారు గానీ, అక్కడ ఇంటి అద్దె కోసం ఆడే 30 ఏళ్లవాడు బంతి కోసం వచ్చినప్పుడు తెలుస్తుంది అది ఎంత గట్టి ఫుట్‌బాలో.

మీ అబ్బాయి కథకు దగ్గరగా ఉండే ఉదాహరణ ఎబెరెచి ఎజే. ఇప్పుడు ఆర్సెనల్ ఆటగాడిగా అందరికీ తెలుసు. 2025 ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో మాంచెస్టర్ సిటీ మీద క్రిస్టల్ ప్యాలెస్‌కి ఏకైక గోల్ కొట్టిందీ అతనే. కానీ మీకు పనికొచ్చేది అతని 13 నుంచి 20 ఏళ్ల మధ్య జీవితం. ఆగ్నేయ లండన్‌లోని గ్రీనిచ్ కుర్రాడు, నైజీరియా నుంచి వచ్చిన కుటుంబం. ఆర్సెనల్ అకాడమీ 13 ఏళ్లకే వదిలేసింది. వారం రోజులు గదిలో కూర్చుని ఏడ్చానని తర్వాత అతనే చెప్పుకున్నాడు. ఆ తర్వాత ఫుల్హామ్, అక్కడా నిలవలేదు. రెడింగ్, అక్కడా అంతే. చివరికి మిల్వాల్‌లో స్కాలర్‌షిప్ దొరికింది. 2016లో, 18 ఏళ్లకు, ప్రొఫెషనల్ కాంట్రాక్టు ఇవ్వకుండా మిల్వాల్ కూడా పంపేసింది. అప్పుడు కాలేజీలో చేరి, టెస్కోలో పార్ట్‌టైమ్ ఉద్యోగం చూసుకుందామనుకున్నాడట. ఈలోగా ఛాంపియన్‌షిప్‌లో ఉన్న క్వీన్స్ పార్క్ రేంజర్స్‌లో ట్రయల్ వచ్చింది, అక్కడ తీసుకున్నారు. ఆ రోజుల్లో ఆ క్లబ్‌లో ఫుట్‌బాల్ డైరెక్టర్ లెస్ ఫెర్డినాండ్, టెక్నికల్ డైరెక్టర్ క్రిస్ రామ్‌సే లాంటి వాళ్లు ఉండేవారు. వేరే అకాడమీలు వదిలేసిన లండన్ కుర్రాళ్లను చేరదీసి చూడటం వాళ్ల పద్ధతి.

2017 జనవరిలో బ్లాక్‌బర్న్ మీద ఎఫ్‌ఏ కప్ మ్యాచ్‌లో మొదటిసారి ఆడాడు. అక్కడితో అయిపోలేదు. ఛాంపియన్‌షిప్‌లో వెంటనే చోటు దొరకలేదు. 2017 ఆగస్టు చివర్లో అతన్ని లీగ్ టూలో ఉన్న వికమ్ వాండరర్స్‌కి లోన్ మీద, అంటే కొంతకాలం అరువుగా, పంపారు. మీ ఇంటి నుంచి వికమ్ మైదానం ఆడమ్స్ పార్క్ దూరమేం కాదు, వీలైతే ఒక శనివారం బాబుని తీసుకెళ్లి చూపించండి.

ఈ లోన్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే తప్పుగా అంచనా వేస్తారు. "మావాడు టెక్నికల్ ప్లేయర్, పాసింగ్ ఆడే టీమ్‌కే పంపాలి" అంటారు. అప్పటి వికమ్ అలాంటి టీమ్ కాదు. మేనేజర్ గారెత్ ఎయిన్స్‌వర్త్ ఆట సూటిగా ఉండేది: బంతి త్వరగా ముందుకు వెళ్లాలి, ముందు అడెబాయో అకిన్‌ఫెన్వా నిలబడి ఉంటాడు, 100 కిలోలు దాటిన మనిషి, ఇద్దరు డిఫెండర్లు మీద పడినా కదలడు. అతని ఛాతీ మీద నుంచో తల మీద నుంచో జారిపడే బంతిని అందుకోవాలి. డ్రిబ్లింగ్ మీద బతికే 19 ఏళ్ల ఎజేకి అక్కడేం పని అనిపిస్తుంది. కానీ బాగా కుదిరింది. బరువు పని అంతా అకిన్‌ఫెన్వా చూసుకుంటుంటే, ఆ జారిపడే బంతి దగ్గర, గోల్‌కి దగ్గరగా, ఎజేకి ఖాళీ దొరికింది. లీగ్‌లో 20 మ్యాచ్‌లు ఆడి 5 గోల్స్ కొట్టాడు. ఎయిన్స్‌వర్త్ కూడా ఆటగాడిగా క్వీన్స్ పార్క్ రేంజర్స్‌లో ఏళ్ల తరబడి ఉన్నవాడే కాబట్టి, రెండు క్లబ్బుల మధ్య మాట ఉండేదని నా ఊహ. వికమ్ ఆ సీజన్ చివర్లో మూడో స్థానంలో నిలిచి లీగ్ వన్‌కి ఎక్కింది. అప్పటికే ఎజే జనవరిలోనే వెనక్కి వెళ్లిపోయాడు.

వెనక్కి వెళ్లిన ఎజేని అక్కడి మేనేజర్ ఇయాన్ హాలోవే ఛాంపియన్‌షిప్‌లో ఆడించడం మొదలుపెట్టాడు. 2018-19 సీజన్‌లో దాదాపు ప్రతి మ్యాచ్ ఆడాడు, గోల్స్ మాత్రం నాలుగే. 2019-20లో 46 లీగ్ మ్యాచ్‌లకు 46 ఆడి 14 గోల్స్ కొట్టాడు. 2020 ఆగస్టులో ప్యాలెస్ కొనుక్కుంది. రిలీజ్ అయిన రోజుకీ ప్రీమియర్ లీగ్‌కీ మధ్య నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లలో మలుపు ఏదంటే నేను వికమ్ అనే అంటాను. క్వీన్స్ పార్క్ రేంజర్స్ అభిమానులు ఒప్పుకోకపోవచ్చు.

ఇప్పుడు మిడ్‌ఫీల్డ్ సంగతి. స్ట్రైకర్‌కి అవకాశం ఇవ్వడం సులువు. చివరి పది నిమిషాలకు దింపుతారు, గోల్ కొడితే హీరో, లేకపోతే ఎవరూ గుర్తుపెట్టుకోరు. వింగర్ కూడా అంతే. సెంట్రల్ మిడ్‌ఫీల్డ్‌లో కుర్రాడు ఒక్క పాస్ తప్పుగా ఇస్తే ఎదురుదాడిలో గోల్ పడుతుంది, మేనేజర్ ఉద్యోగం పోతుంది. లీగ్ టూలో మేనేజర్లు ఎంత త్వరగా మారతారో మీరు చూసే ఉంటారు. అందుకే మధ్యలో అనుభవం ఉన్నవాడినే పెడతారు. అండర్-18 మ్యాచ్‌లో మూడు టచ్‌లు తీసుకునే టైమ్ ఉంటుంది, పెద్దవాళ్ల మ్యాచ్‌లో ఒకటే, అది కూడా వెనక నుంచి మోచెయ్యి తగులుతుండగా. నవంబరు వచ్చేసరికి పిచ్ బురద. సగంసేపు బంతి గాల్లోనే ఉంటుంది, కింద పడినప్పుడు దాన్ని ఎవరు ముందు అందుకుంటారన్నదే ఆట. ఇక్కడ దాన్ని సెకండ్ బాల్ అంటారు. బాబుకి ఆ సెకండ్ బాల్ కోసం పరిగెత్తే ఇష్టం ఉందా? పాసింగ్ బాగుందా లేదా అన్నదాని కంటే నేను ముందు ఇదే చూస్తాను.

మరి మేనేజర్లు కుర్రాళ్లను ఎప్పుడు ధైర్యంగా దింపుతారు? కప్పు మ్యాచ్‌ల్లో. ఎజేది ఎఫ్‌ఏ కప్ అని చెప్పాను కదా. డెలె ఆలీ మిల్టన్ కీన్స్ డాన్స్ తరఫున మొదట ఆడింది 2012 నవంబరులో, కేంబ్రిడ్జ్ సిటీ మీద ఎఫ్‌ఏ కప్ మొదటి రౌండ్ మ్యాచ్, వయసు 16. ఆ మ్యాచ్ డ్రా అయితే మళ్లీ ఆడిన మ్యాచ్‌లో గోల్ కూడా కొట్టాడు. జేమ్స్ మాడిసన్ కోవెంట్రీ సిటీకి మొదట ఆడింది 2014 ఆగస్టులో, కార్డిఫ్ మీద లీగ్ కప్. జూడ్ బెల్లింగమ్ బర్మింగమ్ సిటీకి మొదట ఆడింది కూడా లీగ్ కప్పే, 2019 ఆగస్టులో పోర్ట్స్‌మత్ మీద. నలుగురూ మిడ్‌ఫీల్డర్లే, నలుగురి మొదటి మ్యాచూ కప్పే. కాబట్టి ఆ క్లబ్ వెబ్‌సైట్‌లో గత రెండు మూడేళ్ల కప్పు మ్యాచ్‌ల టీమ్ షీట్లు తీసి చూడండి. ఈఎఫ్‌ఎల్ ట్రోఫీ మ్యాచ్‌లు కూడా చూడండి. లీగ్ వన్, లీగ్ టూ క్లబ్బులతో పాటు పెద్ద క్లబ్బుల అండర్-21 జట్లు కూడా ఆడే టోర్నీ అది. అక్కడ బెంచ్ మీద కూడా స్కాలర్ పేరు ఒక్కటీ లేకపోతే, ఆఫీసులో కూర్చోబెట్టి ఎంత తియ్యగా మాట్లాడినా నమ్మకండి.

ఇంకో సంగతి, కొంచెం విచిత్రంగా ఉంటుంది: డబ్బుకు కటకటలాడే క్లబ్బే పిల్లల్ని ఎక్కువగా ఆడిస్తుంది. మాడిసన్ వచ్చిన కోవెంట్రీ అప్పుడు నానా కష్టాల్లో ఉంది. స్టేడియం అద్దె గొడవలో సొంత ఊరు వదిలి నార్తాంప్టన్‌లోని సిక్స్‌ఫీల్డ్స్‌లో 'హోమ్' మ్యాచ్‌లు ఆడింది. ఆటగాళ్లను కొనకుండా కొంతకాలం నిషేధం కూడా పడింది. కొత్తవాళ్లను తెచ్చుకోలేనప్పుడు అకాడమీ కుర్రాళ్లే దిక్కు. ఆ తర్వాతి సీజన్‌లో మేనేజర్ టోనీ మోబ్రే మాడిసన్‌ని ఆడమ్ ఆర్మ్‌స్ట్రాంగ్, జేకబ్ మర్ఫీ లాంటి లోన్ కుర్రాళ్ల పక్కన ఆడించాడు. ఇంగ్లండ్ మాజీ మిడ్‌ఫీల్డర్ జో కోల్ కూడా అదే జట్టులో. 2016 ఫిబ్రవరి 1న మాడిసన్‌ని నారిచ్ సిటీ క్లబ్ కొనుక్కుంది, కానీ సీజన్ అయ్యేదాకా కోవెంట్రీలోనే లోన్ మీద ఉంచింది. పై క్లబ్‌లో అడుగుపెట్టగానే ఆడించారా అంటే లేదు. స్కాట్లండ్‌లో అబర్డీన్‌కి పంపారు. అక్కడ 2016 సెప్టెంబరులో రేంజర్స్ మీద ఆఖరి నిమిషాల్లో ఫ్రీకిక్ కొట్టి 2-1తో గెలిపించాడు. నారిచ్‌లో నిజంగా ఆడింది 2017-18లో, 14 లీగ్ గోల్స్. అప్పుడు లెస్టర్ తీసుకుంది.

ఆలీ దారి వీళ్లందరి కంటే సాఫీగా సాగింది. మిల్టన్ కీన్స్‌లోనే పుట్టాడు, 11 ఏళ్లకు ఆ ఊరి క్లబ్‌లో చేరాడు, కార్ల్ రాబిన్సన్ అనే మేనేజర్ నమ్మాడు. 2014 ఆగస్టులో వీళ్లు లీగ్ కప్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ని 4-0తో చిత్తు చేశారు. గోల్స్ విల్ గ్రిగ్ రెండు, బెనిక్ అఫోబె రెండు. ఆ రాత్రి మిడ్‌ఫీల్డ్‌లో ఉన్న 18 ఏళ్ల ఆలీ గురించి దేశమంతా మాట్లాడుకుంది. ఫిబ్రవరిలో టాటెన్‌హామ్ 50 లక్షల పౌండ్లకు కొని, మాడిసన్ విషయంలో లాగే, సీజన్ చివరిదాకా అక్కడే ఉంచింది. ఆ క్లబ్ ఛాంపియన్‌షిప్‌కి ఎక్కింది, ఆలీ ఆ సీజన్‌లో మిడ్‌ఫీల్డ్ నుంచి 16 లీగ్ గోల్స్ కొట్టాడు. ఆ తర్వాత వరుసగా రెండేళ్లు దేశంలోనే ఉత్తమ యువ ఆటగాడు. పాతికేళ్లు దాటాక అతని ఆట తగ్గిపోయింది, దాని గురించి ఇక్కడ రాయను.

వీళ్ల పేర్లు రాస్తున్నప్పుడే నాకు ఒక భయం. మనకు తెలిసినవి పైకి వచ్చినవాళ్ల కథలే. ఎజేతో పాటు మిల్వాల్ వదిలేసిన మిగతా కుర్రాళ్ల పేర్లు మీకూ నాకూ తెలియవు. రెండేళ్ల స్కాలర్‌షిప్ అంటే ఏమిటో స్పష్టంగా తెలుసుకోండి. అది చట్టప్రకారం అప్రెంటిస్‌షిప్. చేతికి వచ్చేది చిన్న మొత్తం. ట్రైనింగ్‌తో పాటు చదువు తప్పనిసరి, ఈఎఫ్‌ఎల్ క్లబ్బుల్లో (ఛాంపియన్‌షిప్ నుంచి లీగ్ టూ దాకా ఉన్నవి) ఈ చదువు వ్యవహారం లీగ్ ఫుట్‌బాల్ ఎడ్యుకేషన్ అనే సంస్థ చూస్తుంది. 17 నిండాక క్లబ్ ఇష్టపడితే ప్రొఫెషనల్ కాంట్రాక్టు ఇవ్వొచ్చు, ఇవ్వాలని ఏమీ లేదు. రెండో ఏడాదిలో నిర్ణయం చెప్తారు. వద్దనుకున్న పిల్లల కోసం అదే సంస్థ వసంతకాలంలో ట్రయల్స్ పెడుతుంది, వేరే క్లబ్బుల స్కౌట్లు వచ్చి చూస్తారు. ఒకవేళ కాంట్రాక్టు వచ్చినా మొదటిది చాలాసార్లు ఒక ఏడాదిదే. మేలో ఎవరిని ఉంచుకుంటున్నారో జాబితా వేస్తారు. ఆ నెలంతా ఇంట్లో టెన్షన్ ఎలా ఉంటుందో, మన ఊళ్లో ఇంటర్ రిజల్ట్స్ చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

స్కాలర్‌గా ఉండగానే నాన్‌లీగ్ (లీగ్ టూ కింది అంచెల) క్లబ్‌కి కొన్ని వారాలు పంపుతుంటారు, వర్క్ ఎక్స్‌పీరియన్స్ లోన్ అంటారు. ఆరో అంచెలో, ఏడో అంచెలో, ఎలక్ట్రీషియన్ పని ముగించుకుని సాయంత్రం మ్యాచ్‌కి వచ్చే మనుషులతో ఆడాలి. కొందరు తల్లిదండ్రులు దీన్ని అవమానంగా తీసుకుంటారు. నేనైతే క్లబ్‌ని ముందే అడుగుతాను, "పంపుతారా, ఎప్పుడు పంపుతారు" అని. అండర్-18 లీగ్‌లో ఏడాదంతా ఆడటం కంటే అక్కడ రెండు నెలలు ఆడితే మిడ్‌ఫీల్డర్ ఎక్కువ నేర్చుకుంటాడు.

జూలైలో పుట్టాడన్నారు, అది చిన్న విషయం కాదు. ఇంగ్లండ్‌లో వయసు గ్రూపులకు సెప్టెంబరు 1 హద్దు. సెప్టెంబరులో పుట్టినవాడికి, జూలైలో పుట్టినవాడికి పది నెలల తేడా ఉన్నా ఒకే జట్టు. 13, 14 ఏళ్లప్పుడు ఆ పది నెలలు ఎత్తులో, బరువులో కనిపిస్తాయి. అకాడమీల్లో సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు పిల్లలే ఎక్కువ ఉండటానికి ఇదే కారణం. ఎజే, బెల్లింగమ్ ఇద్దరూ జూన్ 29నే పుట్టారు, సంవత్సరాలే వేరు. అందులో బెల్లింగమ్‌ని 16కే ఆడించారు, ఎజేని నాలుగు చోట్ల వదిలేశారు కాబట్టి దీన్ని జాతకంలా చూడకండి. కానీ బాబు ఇంకా ఎదుగుతుంటే, పెద్ద క్లబ్ వదిలేయడాన్ని ఆటలో తీర్పుగా తీసుకోనక్కర్లేదు. స్కూల్ పీఈ టీచర్‌ని గానీ ఫిజియోని గానీ ఎదుగుదల ఎక్కడ ఉందో అడగండి.

మీ ఆవిడ మాట గురించి. ఆమె చెప్తున్నదాంట్లో న్యాయం ఉంది. స్కాలర్‌షిప్‌లో చదువు ఉంటుందన్నాను, అది ఎక్కువగా స్పోర్ట్‌కి సంబంధించిన బీటెక్ డిప్లొమా. మన ఇంజినీరింగ్ బీటెక్ కాదు, ఇక్కడి వృత్తివిద్యా కోర్సు. దాంతో యూనివర్సిటీకి వెళ్లొచ్చు, కానీ మెడిసిన్, ఇంజినీరింగ్ లాంటివాటికి దారి దాదాపు మూసుకుంటుంది. బాబుకి మ్యాథ్స్ మీద ఇష్టం ఉంటే, దాంతో పాటు ఒక ఏ-లెవల్ చేయనిస్తారా అని అడగండి, కొన్ని క్లబ్బులు ఒప్పుకుంటాయి. ఒప్పుకోకపోతే 18 ఏళ్లకు తిరిగొచ్చి ఏ-లెవల్స్ చేయడం కష్టమే గానీ అసాధ్యం కాదు. నా అభిప్రాయం అడిగితే, టీమ్ షీట్లలో స్కాలర్ల పేర్లు కనిపిస్తే పంపండి, కనిపించకపోతే ఏ-లెవల్స్ చెప్పే సిక్స్త్ ఫార్మ్‌లో చేర్చి దగ్గర్లోని నాన్‌లీగ్ క్లబ్ యూత్ టీమ్‌లో ఆడించండి. ఆ దారిలో కూడా 18 ఏళ్లకు పైకి వెళ్లేవాళ్లు ఉన్నారు.

కొందరు ఇక్కడ "ఇంగ్లండ్‌లో కుదరకపోతే ఇండియాకి ఆడొచ్చుగా" అని రాస్తారు, అందుకే ముందే చెప్తున్నాను. భారత జట్టుకి ఆడాలంటే భారత పాస్‌పోర్టు ఉండాలి, ఓసీఐ కార్డు సరిపోదు. బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకున్నాక రెండూ ఉంచుకోవడం కుదరదు. అది వేరే పెద్ద నిర్ణయం, 16 ఏళ్లకు ఆలోచించేది కాదు.

మీరు రాయని ఒక విషయం మాత్రం అన్నిటికంటే ముందు చూసుకోవాలి: వీసా. బాబుకి బ్రిటిష్ పాస్‌పోర్టో, ఇక్కడ శాశ్వత నివాస హక్కో ఉంటే ఈ పేరా వదిలేయండి. మీరు స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉండి బాబు డిపెండెంట్‌గా ఉంటే, డిపెండెంట్ ఏ ఉద్యోగమైనా చేయొచ్చు గానీ ప్రొఫెషనల్ స్పోర్ట్స్‌పర్సన్‌గా గానీ కోచ్‌గా గానీ పనిచేయకూడదన్న షరతు ఉంటుంది. స్టూడెంట్ వీసాకీ అలాంటి షరతే. ఇందులో జీతం ఒక్కటే లెక్క కాదు, హోమ్ ఆఫీస్ నిర్వచనంలో సెమీ ప్రొఫెషనల్ ఆట, అకాడమీ జట్లు కూడా వస్తాయి. అంటే పైన చెప్పిన నాన్‌లీగ్ దారికి కూడా ఇది అడ్డు రావొచ్చు. క్లబ్ కోచ్‌కి ఇవి తెలియవు. రిజిస్ట్రేషన్ కాగితాలు చూసేది క్లబ్ సెక్రటరీ, సంతకం పెట్టకముందే బాబు వీసా వివరాలు ఆయన ముందు పెట్టండి, ఒక ఇమిగ్రేషన్ సొలిసిటర్‌తో కూడా మాట్లాడండి. ఏ రకం వీసానో ఇక్కడ రాస్తే, ఇదే పరిస్థితి దాటిన తల్లిదండ్రులు ఇద్దరు ముగ్గురు నాకు తెలుసు, వాళ్లను అడిగి చెప్తాను.